మూడు సంతకాల పనిముట్టు

ఆ గురువారం ఉదయం ఆ ఇంటి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మూడు గంటలకు ఇల్లాలికి డ్రైవింగ్ పరీక్ష. అంతకు ముందు కారు కడగాలి, టైర్లలో గాలి చూడాలి, రెండింటికి బయలుదేరాలి. ఇందులో చెడగొట్టడానికి వీలున్న పని ఒక్కటీ లేదు. అయినా ఎనిమిది గంటలకే ఇంటి యజమాని భోజనాల బల్ల మీద తెల్ల కాగితం పరిచి, స్కేలు పెట్టి గడులు గీయడం మొదలుపెట్టాడు.

ఆయన ఒక కార్యాలయంలో రికార్డుల విభాగానికి సూపరింటెండెంటు. భార్య పరీక్ష కోసం ఆ రోజు సెలవు పెట్టాడు. పగలంతా కాగితాలు సర్దే ఆ చేతులకు సెలవు రోజున ఇనుము కావాలి. సొంత కారుకు సొంతంగా మరమ్మతు చేసుకోవాలన్నది ఆయన ఆశయం. ఆ ఆశయం పేరిట ఇంట్లోకి వచ్చిన పనిముట్లలో ఇంజను గుండెచప్పుడు వినే గొట్టం ఒకటి, ఇంజనును పైకెత్తే గొలుసు కప్పీ ఒకటి. గొట్టంతో ఆయన ఇంతవరకు ఫ్రిజ్ చప్పుడు మాత్రమే విన్నాడు. కప్పీకి ప్రస్తుతం ఉల్లిపాయల బుట్ట వేలాడుతోంది.

అందుకే ఇల్లాలు ఒక నిబంధన పెట్టింది. ఏ పనిముట్టు కొనాలన్నా ముందు నోటు రాయాలి. దాని మీద మూడు సంతకాలుండాలి: ఆమెది, అత్తగారిది, పని తెలిసిన మరొకరిది. నోటు రాశాక మూడు రోజులు ఆగాలి. నాలుగో గడిలో అవసరానికి రుజువు చూపాలి. సూపరింటెండెంటు ఆ నిబంధనను తప్పింది ఒక్కసారే. నాలుగు నెలల క్రితం ఎవరికీ చెప్పకుండా ఒక పనిముట్టుకు ఆర్డరిచ్చాడు. అది రాలేదు. అడిగితే, ఇంట్లో ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారని పార్సెల్ కంపెనీ ఒక రసీదు పంపింది. దాని మీది గీతను ఎవరూ చదవలేకపోయారు. ఆయన మూడు ఫిర్యాదులు రాశాడు. ఆరేళ్ళుగా ఆ వీధికి పార్సెళ్ళు తెచ్చే మనిషిని ఊరి చివరి లైనుకు మార్చేశారు. రసీదు నకలు ఇప్పటికీ ఫైల్లో ఉంది.

"మళ్ళీ ఏంటండీ?" ఇల్లాలు టీ గ్లాసుతో వచ్చి అడిగింది.

"నోటు. ఎడమవైపు తిప్పితే ముందు చక్రం దగ్గర కటకటమంటోంది కదా, స్ప్రింగు పైనుండే బేరింగు పోయింది. స్ప్రింగు కంప్రెసర్ ఉంటే నేనే మార్చేస్తాను."

స్ప్రింగు కంప్రెసర్ అంటే చక్రం వెనక ఉండే బలమైన స్ప్రింగును కదలకుండా నొక్కిపట్టే పనిముట్టు. నాలుగు నెలల క్రితం రాకుండా పోయింది కూడా అదే. ఆ పేరు వినగానే ఇల్లాలి చేతిలోని గ్లాసు నోటిదాకా వెళ్ళకుండా ఆగింది. ఎందుకు ఆగిందని అప్పుడెవరూ అడగలేదు.

"మూడు నెలలుగా అంటూనే ఉంది కదా. ఈ ఒక్క పూటా అననివ్వండి."

"నువ్వు నేర్చుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచే అంటోంది. తప్పు పట్టడం లేదు. తేదీ చెప్తున్నానంతే."

"మీరు తేదీలు చెప్పకండి. ఇవాళ తప్పితే నా గతేంటో తెలుసా?"

తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రిలో నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి చూసే ఉద్యోగానికి ఆమెను ఎంపిక చేశారు. నెలాఖరులోగా లైసెన్సు చూపాలని షరతు. మొదటి పరీక్షలో కారు ఎత్తు మీద ఆగిపోయింది. రెండో పరీక్షలో వెనక్కి వస్తూ గుంజను పడగొట్టింది. ఇది మూడోది. ఇది పోతే మరో రెండు నెలలకు గాని తేదీ దొరకదు, ఈలోగా ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళిపోతుంది. పైగా ఆమె కాలికి అలవాటైన క్లచ్ ప్రపంచంలో ఆ ఒక్క కారుకే ఉంది.

"దాని కోసమే చెప్తున్నాను. అంత చప్పుడు చేసే బండిలో కూర్చుని, పరీక్ష పెట్టేవాడు నిన్ను పాస్ చేస్తాడా? ఆయనకు చెవులుండవా?"

"నాలుగో గడి ఖాళీగా ఉంది. రుజువు లేకుండా నేను సంతకం పెట్టను."

ఆ మాటతో విషయం ముగిసిపోయిందని అనుకుని ఆమె చీర ఇస్త్రీ చేసుకోవడానికి లోపలికి వెళ్ళింది. కార్యాలయపు మనిషికి రుజువు అడగడం అంటే పని మొదలుపెట్టమని ఉత్తర్వు ఇవ్వడమేనని, పాతికేళ్ళ కాపురం తర్వాత ఆమెకు తెలిసి ఉండవలసింది.

ఆమె తిరిగి వచ్చేసరికి కారు జాకీ మీద ఒక వైపుకు ఒరిగి ఉంది. ముందు ఎడమ చక్రం గోడకు ఆనించి ఉంది. సూపరింటెండెంటు చక్రం ఉండవలసిన చోట తల పెట్టి ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"రుజువు తీస్తున్నాను."

సరిగ్గా అప్పుడే ఇల్లాలి తమ్ముడు గేటు తీసుకుని వచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. అక్కకు తోడుగా పరీక్షకు వెళ్ళాలని సెలవు పెట్టాడు. ఏ పని చూసినా అరగంటలో అయిపోతుందంటాడు గనుక చుట్టాలంతా అతన్ని అరగంట అనే పిలుస్తారు.

"ఇదేం పని బావా, అరగంట. నేను పట్టుకుంటాను, మీరు తిప్పండి," అంటూ చొక్కా చేతులు మడిచాడు.

ఇల్లాలు వద్దంది, మళ్ళీ వద్దంది. మూడోసారి అనేసరికి షాక్ అబ్జార్బరు స్ప్రింగుతో సహా ఊడి వరండాలోకి వచ్చింది. బేరింగు చూడాలంటే పైమర విప్పాలి. మర విప్పితే, నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగురుతుంది. దానికి కంప్రెసర్ కావాలి. అది లేదు గనుక ఇద్దరూ కలిసి బట్టలారేసే తాడు తొమ్మిది చుట్లు చుట్టారు. తాడు కొత్తదే. ముడి మాత్రం సూపరింటెండెంటు వేశాడు, ఫైలుకు వేసే ముడి. మరను చివరి చుట్టు దాకా సడలించి, ఊపిరి తీసుకుందామని ఇద్దరూ మంచినీళ్ళకు లోపలికి వెళ్ళారు. ఆ రోజు వాళ్ళు చేసిన తెలివైన పని అదొక్కటే.

మొదట తాడు తెగిన చప్పుడు, వెంటనే ట్యూబ్‌లైటు పగిలిన చప్పుడు వినిపించాయి. స్ప్రింగు పైకప్పును తాకి, మెట్ల మీద ఒకసారి గెంతి, తెరిచి ఉన్న గేటులోంచి పల్లంగా ఉన్న వీధిలోకి దొర్లుకుంటూ పోయింది. వరండా చివర కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దావిడ, అంటే సూపరింటెండెంటు తల్లి, కళ్ళజోడు మీదుగా దాన్ని సాగనంపింది.

"వెళ్ళిపోయింది నాన్నా," అంది. "వెనక్కి రమ్మని చెప్పనా?"

వీధి చివర పాత ఇనుము కొనేవాడి బండి ఉంది. వీళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి స్ప్రింగు ఆ బండిలో, విరిగిన కుర్చీకాళ్ళ మధ్య చేరిపోయింది.

"అది మాది," అన్నాడు సూపరింటెండెంటు ఆయాసపడుతూ.

"వీధిలో దొర్లేవన్నీ నావే సార్. మీదేనని రుజువేంటి?"

ముప్పై ఏళ్ళుగా ఇతరులను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఇప్పుడు సూపరింటెండెంటుకే ఎదురైంది. చివరికి ఇనుపవాణ్ణి ఇంటికే తీసుకొచ్చి కారు చూపించవలసి వచ్చింది. అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, కాలు విరిగిన పశువును చూసినట్టు జాలిగా చూశాడు.

"ఇలా ఉంచి బాధపెట్టడం ఎందుకు సార్. మొత్తం తూకానికి ఇచ్చెయ్యండి."

"మావాణ్ణి కూడా తూకంలో కలుపుతావా?" అని అడిగింది పెద్దావిడ.

"బరువైతే బాగానే తూగుతారమ్మా. కానీ ఇనుము కాదు కదా."

ఇంజను గుండెచప్పుడు వినే గొట్టాన్ని ఇల్లాలు తన చేత్తోనే తెచ్చి బదులుగా ఇచ్చి స్ప్రింగును విడిపించింది. ఆ రోజు ఆమె మనస్ఫూర్తిగా చేసిన బేరం అదొక్కటే.

అప్పటికి పదకొండున్నర. సాగిపోయిన స్ప్రింగు మూరెడు పొడవుంది. అది వెళ్ళి కూర్చోవలసిన చోటు జానెడు. సూపరింటెండెంటు నోటు తెచ్చి నాలుగో గడిలో శ్రద్ధగా రాశాడు: 'స్ప్రింగు బయటకు వచ్చినది.'

"ఇప్పుడు రుజువు ఉంది," అన్నాడు.

ఇల్లాలు సంతకం పెట్టింది. తమ్ముడు 'పని తెలిసినవాడి' గడిలో పెట్టాడు, ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ మాత్రం కలం పట్టుకుని తేదీ చూసింది.

"ఇవాళ్టి తేదీ వేశావు. మూడు రోజులాగాలి కదూ?"

"అత్తయ్యా, పరీక్ష ఇవాళ."

"అవసరం ఎప్పుడొస్తుందో చెప్పలేం, గడువు పెట్టకమ్మా అని ఆ రోజే అన్నాను. రూలంటే రూలన్నావు. నేను నీ రూలే చదువుతున్నాను."

ఆమెను బతిమాలి సంతకం పెట్టించుకుని దుకాణానికి ఫోన్ చేస్తే, ఆ పనిముట్టు తెప్పించాలని, మూడు రోజులు పడుతుందని చెప్పారు. పెద్దావిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, "వాళ్ళకీ రూలుంది," అంది.

ఇక మిగిలింది వీధి మలుపులోని షెడ్డు. ఇల్లాలు స్వయంగా వెళ్ళింది. మేస్త్రి ఒక వ్యాను కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఆ కాళ్ళకే జరిగింది చెప్పుకుంది.

"కంప్రెసర్ ఉందమ్మా. కానీ నా సామాను షెడ్డు దాటదు," అన్నాయి కాళ్ళు. "పోయినేడు మీవారు జాకీ అడిగి పట్టుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి దాని నడుం వంగిపోయింది. కారు ఇక్కడికి తెస్తే చేసిపెడతాను."

"మూడు చక్రాల మీద ఎలా తెమ్మంటావయ్యా?"

"అదీ నిజమే. పోనీ మీ ఇంట్లోనే కంప్రెసర్ ఉంటే చెప్పండి. అన్నం మానేసి వస్తాను."

ఆమె వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. మేస్త్రి వ్యాను కిందినుంచి తల బయటపెట్టి చూశాడు. ఆమె ముఖం చూస్తే, ఆపరేషనుకు సంతకం పెట్టబోతున్న మనిషిలా ఉంది.

"రా," అంది.

ఇంటి దగ్గర సూపరింటెండెంటు వరండా మెట్టు మీద పాత ఫైలు విప్పుకుని కూర్చున్నాడు. "నాలుగు నెలల క్రితం ఆ పార్సెలతను నా కంప్రెసర్ కాజేయకపోతే ఇవాళ మనకీ గతి పట్టేదా?" అన్నాడు రసీదు చూపిస్తూ. "మూడు ఫిర్యాదులు చాలలేదు. నాలుగోది రాయవలసింది."

"అతను దొంగ కాదండీ," అంది ఇల్లాలు.

ఆమె కారు వెనక తలుపు తెరిచి, సీటును రెండు చేతులతో పైకి లేపింది. కింది గుంటలోంచి ఆసుపత్రి పాత ఏప్రన్‌లో చుట్టిన మూట బయటకు తీసింది. ముడి సడలి, రెండు ఇనుప కొక్కేలు బయటికి తొంగి చూస్తున్నాయి. మూటను ఎత్తగానే అవి ఒకదాన్నొకటి కొట్టుకుని కటకటమన్నాయి. వరండాలో అందరూ అటు తిరిగారు. ఆమె కూడా చేతిలోని మూటను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. మరొకసారి కదిపి చూసింది. మూడు నెలలుగా ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా విన్న చప్పుడు అదే.

మేస్త్రి అప్పటికే పాత బేరింగును వేళ్ళ మధ్య తిప్పి చూస్తున్నాడు. "దీనికేం రోగం సార్? ఇంకో పదేళ్ళు తిరుగుతుంది."

"ఆ పార్సెల్ వచ్చిన రోజు సంతకం పెట్టింది నేనే," అంది ఇల్లాలు. "ఇది చేతికొస్తే మీరు కారు విప్పేస్తారని దాచాను. బానెట్ ఎత్తే మనిషి సీటు ఎత్తడు కదా. వారంలో తిప్పి పంపేద్దామనుకున్నాను. ఈలోగా మీరు ఫిర్యాదు రాసేశారు. అతన్ని మార్చేశారని తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు."

"మరి ఇన్నాళ్ళూ నన్ను ముందు చక్రం వైపు చూడనిచ్చావు."

"నేను అసలు చూడొద్దనే చెప్పానండీ."

సూపరింటెండెంటు కోపగించుకోవడానికి నోరు తెరిచాడు. అయితే చెప్పకుండా ఆర్డరిచ్చింది తానేనని, విచారణ లేకుండా ఫిర్యాదు చేసింది కూడా తానేనని ఆ ఫైలే ఆయన ఒళ్ళో ఉండి గుర్తు చేసింది. నోరు మూసుకుని స్పానరు అందించాడు. కంప్రెసర్ రెండు కొక్కేలూ స్ప్రింగును పట్టి నొక్కాయి. మేస్త్రి చేతిలో మొత్తం పని అరగంటలో పూర్తయింది. ఆ ఇంట్లో ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి. తమ్ముడు అందరి వంకా గర్వంగా చూశాడు.

మూడింటికి పది నిమిషాల ముందు ఆమె పరీక్ష మైదానం చేరింది. ఎత్తు మీద కారు ఆగలేదు. గుంజలన్నీ నిలబడ్డాయి. ఎడమ మలుపులో ఏ చప్పుడూ లేదు. "బండిని బాగా చూసుకుంటున్నారు," అన్నాడు పరీక్ష పెట్టిన అధికారి. ఆ మెచ్చుకోలును భర్తకు చెప్పాలా వద్దా అని ఆమె చాలాసేపు ఆలోచించి, చెప్పకూడదని నిర్ణయించుకుంది.

లైసెన్సు చేతికొచ్చిన శనివారం ఆమె ఒంటరిగా కారు తీసింది. మొదట ఆసుపత్రికి వెళ్ళలేదు. పార్సెల్ కార్యాలయానికి వెళ్ళి, తప్పు ఎవరిదో కాగితం మీద రాసి, తేదీ వేసి, చదవడానికి వీలుగా సంతకం పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చాక నోటు అడుగున కూడా ఒక వాక్యం రాసింది: 'కొననక్కరలేదు, నాలుగు నెలల క్రితమే అందింది.' సూపరింటెండెంటు దాన్ని రసీదు పక్కనే ఫైలు చేశాడు.

తర్వాతి వారం పార్సెలతను మళ్ళీ ఆ వీధికి వచ్చాడు. పగిలినదాని బదులు తెప్పించిన ట్యూబ్‌లైటు పెట్టెను గేటు మీద ఆనించి, ఇంట్లో ఉన్న ముగ్గురినీ బయటకు పిలిచి, మూడు సంతకాలు పెట్టించుకున్నాకే వదిలాడు.