సాలమోను మేష్టారికి రాని రెండు భాషలు

శనివారం పొద్దున్న సాలమోను మేష్టారికి ఉన్న పని ఒక్కటే, క్షవరం. సోమవారం మిషను కమిటీ కూర్చుని ఆయన తెలుగు మేష్టారి ఉద్యోగాన్ని పర్మనెంటు చెయ్యాలో, ఆయన్ని వచ్చిన దారినే పంపెయ్యాలో తేలుస్తుంది. ఏళ్ల తరబడి టెంపరరీ బతుకు. వేసవి సెలవులు వస్తున్నాయంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఇంట్లో భార్య పుష్పలతమ్మకి నిద్ర పట్టదు. అలాంటి మనిషి కనీసం తలయినా శుభ్రంగా పెట్టుకుందామనుకోవడం తప్పు కాదు కదా. అందుకని కొత్తపేట సెంటర్లో అప్పన్న కుర్చీలో కూర్చుని, మెడ అప్పగించి కళ్లు మూసుకున్నారు.

కళ్లు తెరిచేసరికి అద్దంలో స్కూలు కరస్పాండెంటు ఆనందరావుగారు కనబడ్డారు. మేష్టారి గుండె గుభేలుమంది. ఆనందరావుగారు చెడ్డవారేం కాదు. కోప్పడరు, కసురుకోరు. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడతారంటే, ఉద్యోగంలోంచి తీసేసినా ఆ మనిషి ఎదురు దండం పెట్టి వెళ్లాల్సిందే. భయమంతా అక్కడే.

"మీకోసం ఇంటికి కూడా వెళ్లొచ్చేనండి," అన్నారు ఆనందరావుగారు. "రేపు సాయంత్రం మీటింగుకి న్యూజిలాండు నుంచి గ్రేసన్ దొరగారు వస్తున్నారు. ఆ దేశంలో మొదట్నుంచీ ఉన్నవాళ్ల భాష మావోరీ అంటండి. తమరేమో బర్మాలో పుట్టేరు. ఆ రెండు భాషల్నీ పోల్చి ఓ పావుగంట మాట్లాడేరంటే దొరగారు పొంగిపోతారు. సోమవారం కమిటీలో కూర్చునేది కూడా ఆయనేనండోయ్."

మేష్టారు రంగూన్లో పుట్టిన మాట నిజమే. యుద్ధం వచ్చి, అక్కడి తెలుగువాళ్లంతా దొరికిన ఓడ ఎక్కి పారిపోయి వచ్చినప్పుడు ఆయన చంకలో పిల్లాడు. అప్పటికి ఇంకా మాటలు రాలేదు, ఏ భాషలోనూ రాలేదు. అయినా ఊళ్లో ఆయన పేరు బర్మా మేష్టారు.

తల అడ్డంగా ఊపుదామంటే మెడ మీద అప్పన్న కత్తి ఉంది. "నాకు బర్మా భాష రాదండి," అన్నారు కదలకుండా. "మావోరీ అన్న పేరు వినడమే ఇది మొదలండి."

ఆనందరావుగారు ముసిముసిగా నవ్వారు. "ఆయ్. పెద్దవాళ్ల మాట అలాగే ఉంటుందండి," అని రిక్షా ఎక్కి వెళ్లిపోయారు.

ఇక్కడ మా కోనసీమ మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. వంటలో చెయ్యి తిరిగిన ఇల్లాలు పాతిక రకాలు వడ్డించి, "ఏదో ఉడకేసేనండి" అంటుంది. కాలవ కింద బోలెడు భూమి ఉన్న ఆసామి, "మాకేం ఉందండీ, తిండి గింజలు" అంటాడు. బైబిలు కంఠతా వచ్చిన పాస్టరుగారు, "నాకేం తెలుసండీ" అనే ప్రసంగం మొదలుపెడతారు. వచ్చినవాడెవడూ వచ్చనడు. అందుచేత నిజంగా రానివాడు రాదని చెప్పుకునే వీలు ఆ గడ్డ మీద లేదు.

గెడ్డం నురగ తుడవకముందే అప్పన్న పని మొదలెట్టాడు. "మన బర్మా మేష్టారికి న్యూజిలాండు భాష కూడా వచ్చంటండి. అడిగితే రాదంటన్నారు," అని వచ్చినవాడికల్లా చెప్పాడు. మధ్యాహ్నానికి రిక్షాలో మైకు తిరిగింది. బర్మా, మావోరీ భాషల్లో ఉద్దండులైన సాలమోనుగారి ప్రసంగమట, అందరూ కుటుంబాలతో రావాలట. అది విని మేష్టారు లైబ్రరీకి పరిగెత్తి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొకటి దించి, రెండు భాషల గురించీ దొరికిన నాలుగు ముక్కలూ చదువుకుని ఇంటికొచ్చారు.

"అమ్మా, నాలుగు బర్మా మాటలు చెప్పవే," అని తల్లి ఎలీసమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డారు.

"నాకేం వచ్చురా నాన్నా," అంది ఎలీసమ్మ. "మేం ఉన్నది తెలుగువాళ్ల వీధి. గుళ్లో పాటలు తెలుగే, చేపలమ్మేది తెలుగే, పోట్లాడుకున్నా తెలుగే. ఆ భాషతో పనే పడలేదు."

ఇది కూడా మర్యాదేనేమో అని మేష్టారు ఆశగా తల్లి మొహంలోకి చూశారు. కాదు. ఆవిడకి నిజంగానే రాదు.

"వెళ్లి ఉన్నమాట చెప్పెయ్యండి," అంది పుష్పలతమ్మ. "రేపు అందరి ముందూ బయటపడితే అబద్ధాలకోరని తీసేస్తారు. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాం?"

"చెప్పేనే."

"గట్టిగా చెప్పుండరు."

ఆదివారం ఆరాధన అవగానే మేష్టారు గట్టిగా చెప్పడానికి వెళ్లారు. ఆనందరావుగారి ముందు చేతులు కట్టుకుని, "దేవుడి తోడండి, నాకు ఆ రెండిట్లో ఒక్క ముక్క కూడా రాదండి," అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆనందరావుగారి కళ్లు కూడా చెమర్చాయి. "ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందండీ. పావుగంటేం సరిపోద్ది, అరగంట మాట్లాడండి," అన్నారు.

సాయంత్రం పందిట్లో ఇసకేస్తే రాలని జనం. ముందు వరసలో గ్రేసన్ దొరగారు, ఆయన పక్కన తర్జుమా చెప్పడానికి ఆనందరావుగారు. మేష్టారు మైకు పట్టుకోగానే పందిరంతా గరగరమంది. ఏమైతే అదే అయిందని నిజమే చెప్పేశారు.

"అయ్యా, నాకు బర్మా భాష రాదండి." జనం చప్పట్లు కొట్టారు.

"మావోరీ అసలే రాదండి." ఇంకా గట్టిగా కొట్టారు.

"నిన్న పుస్తకంలో చూసిందే చెప్తానండి. బర్మావాళ్లు మనలాగే క్రియని వాక్యం చివర పెడతారంట. మావోరీవాళ్లు ముందే పెట్టేస్తారంట. బర్మా భాషలో గొంతు పైకో కిందికో మార్చేమంటే మాటకి అర్థం మారిపోతుందంట. మావోరీలో ఆ బాధ లేదంట, మాటలన్నీ మన తెలుగు మాటల్లా అచ్చుతో ఆగుతాయంట. బర్మా అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయంట. మావోరీకి ఇంగ్లీషు అక్షరాలే వాడతారంట. ఎంత వెతికినా ఈ రెండు భాషలకీ నాకు పోలిక ఒక్కటే కనబడిందండి. రెండూ నాకు రావు."

పందిరి దద్దరిల్లింది. దండల మధ్య మేష్టారి మొహం కనబడటం మానేసింది. అప్పుడు దొరగారు లేచి దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, "కియా ఓరా" అని మావోరీలో పలకరించారు. అది పుస్తకంలో చదివిన నాలుగు ముక్కల్లో లేదు. మేష్టారి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాకు నిజంగా రాదు సార్," అన్నారు ఇంగ్లీషులో.

దొరగారు ఆయన కళ్లలోకి చూసి, నమ్మారు. రెండు రోజుల్లో ఒక్క మనిషి నమ్మాడు. మేష్టారికి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. మరుక్షణం, ఆ నమ్మిన మనిషే రేపు కమిటీలో కూర్చుంటాడని గుర్తొచ్చి ఒళ్లంతా చెమట పట్టింది.

"ఈయనకి రాదంటున్నారు. మరెందుకు మాట్లాడించారు?" అని దొరగారు ఆనందరావుగారిని అడిగారు. ఆనందరావుగారు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, తమ వైపు వచ్చినవాళ్లెవరూ వచ్చని చెప్పరనీ, అది ఇక్కడి పద్ధతనీ ఓపిగ్గా బోధపరిచారు. దొరగారు తల ఆడిస్తూ విన్నారు.

ఆ రాత్రి మేష్టారు ఒక నిర్ణయానికొచ్చారు. ఈ రాదండి గీదండి అనే మాటలు ఇక చాలు. రేపు ఏది వచ్చో అది వచ్చని చెప్పడమే.

సోమవారం కమిటీలో దొరగారు మెల్లగా అడిగారు. "మీకు తెలుగు ఎంతవరకు వచ్చు?"

"చాలా బాగా వచ్చండి," అన్నారు మేష్టారు. వ్యాకరణం, ఛందస్సు, కంఠతా వచ్చిన పద్యాలు, అన్నీ చెప్పుకొచ్చారు.

ఆనందరావుగారు తల దించుకున్నారు.

"పాపం, ఈయనకి తెలుగు రాదన్నమాట," అన్నారు దొరగారు నిన్ననే నేర్చుకున్న మర్యాదతో. కమిటీ అంతా బరువుగా తలలూపింది.

మేష్టారి కళ్ల ముందు పుష్పలతమ్మ, పిల్లలు, ముసలి తల్లి, అందరూ రోడ్డు మీద నిలబడ్డట్టు కనబడ్డారు. ఆయన మొహం చూసి ఆనందరావుగారికి జాలేసింది.

"పోనీ, భూగోళం చెప్పగలరాండీ?"

"లేదండి," అన్నారు మేష్టారు ఏడుపు గొంతుతో. "గోదారి దాటేనంటే తూర్పేదో పడమరేదో తెలీదండి నాకు."

అందరి మొహాలూ వికసించాయి. దొరగారు లేచొచ్చి కరచాలనం చేశారు.

ఆ పూటే ఆర్డరు చేతికొచ్చింది. సాలమోను మేష్టారు పర్మనెంటు, భూగోళానికి. తెలుగు చెప్పడానికి పేతురుగారని ఒకాయన్ని కొత్తగా తీసుకున్నారు. కమిటీ అడిగితే ఆయన కూడా, "నాకు తెలుగేం వచ్చండీ" అన్నారట. ఆయన చెప్పింది నిజమేనని పరీక్షలప్పుడు తెలిసింది.