స్వైన్‌ఫ్లూ నేర్పిన టోపీ విద్య

వైరస్‌ని తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట! ఇంత పొదుపైన అతిథి లోకంలో ఇంకెవరున్నారు?

గిన్నెలు తేదు, సరుకులు తేదు, వంటవాణ్ణి అసలే తేదు. తనకు కావలసిన వంటకాల జాబితా ఒక్కటి జేబులో పెట్టుకుని కణంలోకి దిగుతుంది. మిగతాదంతా కణమే వండి వడ్డిస్తుంది!

ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో డాక్టరేట్ కోసం నాలుగేళ్లుగా ఈ పందుల ఫ్లూ వైరస్‌తో కాపురం చేస్తున్నదాన్ని. నా మాట నమ్మండి.

కణంలో ప్రొటీన్ తయారవ్వాలంటే ముందు కేంద్రకం నుంచి ఒక చీటీ రావాలి. ఆ చీటీ నెత్తిన టోపీ ఉండాలి. టోపీ లేని చీటీని ప్రొటీన్లు చేసే యంత్రాలు కన్నెత్తి చూడవు. ఫ్లూ వైరస్‌కేమో టోపీ కుట్టడం రాదు. పాపం, ఏం చేస్తుంది? కణం చీటీని మెడ దగ్గర కత్తిరించి, ఆ టోపీని మెడముక్కతో సహా తన చీటీకి అతికించుకుంటుంది! యంత్రాలు లేచి సలాం కొడతాయి. బోడితలతో మిగిలిన అసలు చీటీ చెత్తలోకి పోతుంది. దీన్ని దొంగతనమంటారా? నేను ప్రతిభ అంటాను!

ఈ ప్రతిభను గుర్తించిన మహానుభావుడు మా ప్రొఫెసర్ ఓయివా కనెర్వా. మా ఫిన్లాండ్‌లో డాక్టరేట్ వస్తే నిజంగానే నెత్తిన టోపీ పెడతారు, నల్లగా, పొడుగ్గా. నేను తల కొలత కూడా ఇచ్చేశాను. యాభై ఆరు సెంటీమీటర్లు. థీసిస్‌కి నా పేరు మొదట ఉన్న వ్యాసాలు మూడు కావాలి. ఆ మెడముక్క గురించి నేను కనిపెట్టిందే మూడోది. మొన్న అచ్చయింది. మొదటి పేరు ఓయివాది. నాది ఏడోది, అదీ అచ్చుతప్పుతో.

"ఓయివా, పనంతా నేను చేస్తే నా పేరేది?"

"ఉంది కదా హిల్పా, కళ్లజోడు పెట్టుకుని చూడు! నా పేరు ముందుంటేనే ఎవరైనా చదివేది. నీ మంచికే చేశాను."

"మరి నా థీసిస్? వచ్చే మే నెలలో నా టోపీ?"

"ఇంకో రెండేళ్లు ఆగు. ఈలోపు నీ తలేమైనా పెరుగుతుందా? సరిపోతుందిలే!"

నవ్వుకుంటూ కాఫీకి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ నా బల్లమీది దాల్చినచెక్క బన్ను కూడా పట్టుకుపోయారు.

ఎంత శాస్త్రీయమైన మనిషో చూశారా! నేనేమీ బాధపడలేదు. బాత్‌రూమ్‌లో వెక్కివెక్కి ఏడ్చిన ఇరవై నిమిషాలను మీరు లెక్కలోకి తీసుకోకండి.

చెడ్డదల్లా కణమే! తాను పోతున్నా నోరు మూసుకోదు. లోపలికి ఎవరో దూరారు, తలుపులు వేసుకోండంటూ పక్క కణాలకు కబురు పంపిస్తుంది. దానివల్ల తనకు ఒరిగేదేమైనా ఉందా? ఎంత కుసంస్కారం! ఆ నోరు నొక్కడానికే వైరస్ ప్రత్యేకంగా ఒక ప్రొటీన్ చేయించుకుంటుందంటే, పాపం, దానికి ఎంత చిరాకై ఉండాలి!

తన గురించి విద్యార్థుల పత్రికలో నాలుగు మంచి మాటలు రాయమని ఓయివాయే అడిగారు. రాశాను, ఇవే. ఆగస్టులో మా ల్యాబ్‌లో కొత్తగా ముగ్గురు చేరబోతున్నారు. వాళ్లకు తలా ఒక కాపీ ఇవాళే పోస్టులో వేశాను. చేరతామని సంతకం పెట్టడానికి వాళ్లకింకా పది రోజుల గడువుంది.