గడి నంబరు నలభై ఒకటి

మంగళవారం ఉదయం ఏడింటికి ఇంజినీరు స్వెన్యా రాప్ వేసుకున్న పథకం ఇది: పదింటికల్లా సీసాలకు లేబుల్ అంటించే యంత్రం మోడల్ పూర్తిచేసి, సాయంత్రంలోగా ఉల్మ్ పట్టణంలోని ఊరగాయ ఫ్యాక్టరీకి పంపాలి. గురువారం ఆ ఫ్యాక్టరీ వాళ్లు యంత్రాన్ని చూడ్డానికి వస్తారు. మోడల్ లేకపోతే ఆర్డరు లేదని ముందే చెప్పారు. ఆర్డరు లేకపోతే, ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్న స్వెన్యాకు ఉద్యోగం లేదని యజమానురాలు ఇల్సె ష్నైట్‌మన్ కూడా ముందే చెప్పింది.

మోడల్ అంటే బొమ్మ యంత్రం కాదు. యంత్రంలోని ప్రతి భాగానికీ, దాన్ని బిగించే ప్రతి పనికీ కంప్యూటర్‌లో ఒక గడి. ప్రతి గడి నుంచీ ఒక గీత బయల్దేరి, కొనేవాడు అడిగినదాన్ని చేరాలి. గీత లేని గడి ఎర్రబడుతుంది. పెద్ద కంపెనీల్లో ఈ పనికి ఒక విభాగమే ఉంటుంది. ముప్పై ఒక్క మంది పనిచేసే ఈ యంత్రాల షెడ్డులో స్వెన్యా ఒక్కతే ఉంది. రాయాల్సిందంతా మేస్త్రీ బెర్ట్‌హోల్డ్ తలలో ఉంది.

"పొద్దున్నించీ ఏమేం చేస్తారో వరసగా చెప్పండి మేస్త్రీ గారూ. ఏదీ వదలొద్దు."

"ఏదీనా, ఇంజినీరమ్మా?"

"ఏదీ."

"ఏడింటికి తలుపు తీస్తాను. కాఫీ పెడతాను. పాలు పోయను..."

"యంత్రం సంగతండీ!"

"వదలొద్దన్నది మీరేగా." బెర్ట్‌హోల్డ్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. గంట గడిచింది. "తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా రోలరుకి జిగురు రాసి ఇరుసుకి తొడుగుతాం. తొమ్మిదికి తలా ఒక బ్రెట్సెల్ రొట్టె తింటాం. తొమ్మిదీ ఇరవైకి రోలరు మీద బెల్టు ఎక్కిస్తాం."

నలభై ఒకటో గడి, "బ్రెట్సెల్ తినడం", ఎర్రబడింది. వీళ్లు తినాలని ఊరగాయల వాళ్లెవరూ అడగలేదు. స్వెన్యా దాన్ని చెరిపేసింది. కంప్యూటర్ ఖాళీని మూసి కొత్త పని పట్టిక ఇచ్చింది: 8.55 జిగురు, 8.56 బెల్టు. పట్టిక ప్రింటయింది. ఇల్సె దాన్ని చూసి, పని అయిపోయిందనుకుని షెడ్డు బోర్డుకు అంటించింది.

బోర్డు చదివిన ముప్పై మందికీ అర్థమైంది ఒకటే: తొమ్మిది గంటల తిండి రద్దు. ఆఫీసు గుమాస్తా బేకరీకి ఫోన్ చేసి రోజువారీ బ్రెట్సెల్స్ వద్దంది. "ఏం, మూసేస్తున్నారా?" అంది బేకరీ ఆవిడ. "నాకేం తెలుసు, పైనుంచి వచ్చింది." బేకరీ ఆవిడ మరిది ఉల్మ్‌కి లారీ తోలతాడు. షెడ్డు మూతపడుతోందన్న మాట ఆ లారీలోనే వెళ్లింది. సాయంత్రానికి ఊరగాయ ఫ్యాక్టరీ కొనుగోలు అధికారి కోల్బ్ ఫోన్ చేసి, గురువారం దాకా ఆగననీ, బుధవారమే తొమ్మిదింటికి వస్తాననీ చెప్పాడు.

"మేస్త్రీ గారూ, రేపే పరీక్ష. పట్టిక ప్రకారం చేస్తారుగా?"

"అక్షరం తప్పం," అన్నాడు బెర్ట్‌హోల్డ్. కార్మిక సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే. స్వెన్యా సంతోషించింది.

బుధవారం 8.55కి జిగురు రాశారు. 8.56కి బెల్టు ఎక్కించారు. తొమ్మిదింటికి కోల్బ్ చూస్తుండగా మీట నొక్కారు. మొదటి సీసాకి లేబుల్ తిన్నగా పడింది. రెండోదానికి వంకరగా పడింది. మూడోది రాకముందే రోలరు ఇరుసు నుంచి జారి, నేల మీద దొర్లుకుంటూ వెళ్లి కోల్బ్ బూటుకు తగిలి ఆగింది.

"ఇది మోడల్‌లో ఉందా?" అన్నాడు కోల్బ్.

ఇల్సె స్వెన్యా వైపు చూసింది. స్వెన్యా బెర్ట్‌హోల్డ్ వైపు చూసింది.

"జిగురు ఆరడానికి ఇరవై నిమిషాలు పడుతుందమ్మా," అన్నాడతను.

"ఆ ముక్క నిన్న చెప్పొచ్చుగా!"

"తొమ్మిదికి తింటామని చెప్పాగా. ఏం చేస్తారని అడిగారు. ఎందుకని అడిగారా?"

స్వెన్యా కంప్యూటర్ ముందు కూర్చుని నలభై ఒకటో గడిని మళ్లీ గీసింది. దాన్నుంచి జిగురుకి, జిగురు నుంచి రోలరుకి, రోలరు నుంచి ఫ్యాక్టరీ అడిగిన తిన్నని లేబుల్‌కి గీతలు లాగింది. ఎరుపు పోయింది. పేరు మార్చి "ఇరవై నిమిషాలు ఆగడం" అని రాయబోతుంటే బెర్ట్‌హోల్డ్ అడ్డుపడ్డాడు.

"ఆగమని రాస్తే ఎవడూ ఆగడు. తినమని రాయండి, ఆగుతారు."

కోల్బ్ తెర మీదికి వంగాడు. "మా దగ్గరున్న పాత యంత్రానికి రోలరు నాలుగుసార్లు మార్చాం. నాలుగుసార్లూ ఊడింది. మా రిపేరు వాళ్లు తొమ్మిదికి ఏమీ తినరు." అతను నిటారుగా నిలబడ్డాడు. "ఈ మోడల్ మాకు కావాలి. ఉన్నది ఉన్నట్టు. ఒక్క గడి తీసినా ఊరుకోను."

మధ్యాహ్నానికి ఆర్డరు మీదా, స్వెన్యా ఉద్యోగ పత్రం మీదా సంతకాలయ్యాయి. బెర్ట్‌హోల్డ్ బేకరీకి ఫోన్ చేశాడు.

పదిరోజుల తర్వాత ఉల్మ్ నుంచి ఉత్తరం వచ్చింది. గడి నంబరు నలభై ఒకటి అమల్లోకి వచ్చిందట. అయితే మోడల్‌లో ఒక వివరం లోపించిందట, లిఖితపూర్వకంగా జవాబు వచ్చేదాకా రోలరు ముట్టుకోరట: బ్రెట్సెల్‌కి వెన్న రాయాలా, వద్దా?

స్వెన్యా 41.1 అనే గడి తెరిచి, బెర్ట్‌హోల్డ్‌ని వెన్న సంగతి అడిగింది. ఈసారి ఎందుకో కూడా అడిగింది.