పదిహేడుగురు అంజిలయ్యలు

ఆ సోమవారం పొద్దున శ్రీశైలం పెట్టుకున్న పని చాలా చిన్నది. టేబుల్ తుడవాలి. పదకొండు గంటలకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాటు ఉంది. పది గంటలకల్లా అన్న అంజిలయ్య, వదిన బాలనర్సమ్మ వస్తారు. ఆరేళ్లుగా మాటల్లేని అన్న తన కొట్లో అడుగు పెడుతున్నప్పుడు టేబుల్ మీద చాయ్ మరకలుంటే బాగుండదని ఆయనకు తోచింది. తుడిచే పని అంతటితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మాటలు పోయింది ఒక బావి దగ్గర. తుక్కుగూడ దాకా రింగు రోడ్డు వచ్చి, తుర్కయాంజాల్ అంతా అపార్ట్‌మెంట్లయి, ఇబ్రహీంపట్నంలో రాళ్ల గుట్టలకు కూడా రేటు కట్టే రోజులొచ్చాక, నాయన పేరు మీద మిగిలిన రెండెకరాలు పంచుకోవాల్సి వచ్చింది. బావి సరిగ్గా నడిమిట్ల ఉంది. నాదంటే నాదన్నారు. ఆరేళ్లు గడిచాక వదిన రెండిళ్ల మధ్య తిరిగి తిరిగి అన్నను ఒప్పించింది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పంపకాల కాగితం తమ్ముడే రాయాలి, పరాయివాడు రాస్తే వేలిముద్ర వేయడు. బావి సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఈ రోజు అన్న లేచి వెళ్లిపోతే మళ్లీ రాడని శ్రీశైలానికి బాగా తెలుసు. ఆయన అట్లాంటి మనిషి.

శ్రీశైలం దస్తావేజులు రాస్తాడు. చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత అన్న బడి మాన్పించి వల చేతికిచ్చాడు. చెరువు మీద కొన్నేళ్లు, ఒక ముసలి దస్తావేజు లేఖరి దగ్గర కొన్నేళ్లు పని చేసి, చివరికి సొంతంగా ఒక షట్టర్ తీశాడు. శేరిగూడ కాలేజీ బస్సు షాపు ముందు నుంచి పోయినప్పుడల్లా, అందులో కిటికీ పక్క సీటు ఒకటి తనదేనని, దాన్ని ఎవరో అమ్ముకున్నారని ఆయనకు అనిపించేది. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కాగితాలకోసం వస్తే, వాళ్ల తెలుగులో తప్పులు చూపించి దిద్దడం ఆయనకున్న ఒకే ఒక సుఖం.

పోయిన నెలలో శ్రీశైలం ఒక డాకింగ్ స్టేషన్ కొన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే హన్మంత్ తెచ్చిచ్చాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా. రెండు తెరల తీగలు, కీబోర్డు, మౌసు, ప్రింటరు అన్నీ ఆ డబ్బాకే గుచ్చి ఉంటాయి. పొద్దున ల్యాప్‌టాప్ తెచ్చి, మూత కూడా తెరవకుండా, డబ్బా నుంచి వచ్చే ఒక్క తీగ గుచ్చితే చాలు, అన్నీ ఒకేసారి లేస్తాయి. ఒక తెర శ్రీశైలం వైపు ఉంటుంది. రెండోది బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ల వైపు తిరిగి ఉంటుంది. రాసిన కాగితాన్ని ఆయన ఆ తెర మీదికి జరిపితే, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పేర్లు, హద్దులు సరిచూసుకుంటారు. మిగతావి వాళ్లకు కనబడవు.

కనబడకూడనివి ఉన్నాయి మరి. ఈ మండలంలో ఒకే పేరు మీద పదిమంది ఉంటారు. ఇంటిపేర్లూ ఒకటే, తండ్రుల పేర్లూ కలుస్తాయి. అందుకని శ్రీశైలం ఒక జాబితా టైపు చేసి పెట్టుకున్నాడు. ఒక గడిలో పేరు, పక్క గడిలో గుర్తు. గుర్తులు ఆయనకు ఎట్లా గుర్తుంటే అట్లా రాసుకున్నాడు. కొండల్ పక్కన ‘ప్రతి సంతకం కొత్తదే’ అని ఉంటుంది. సుక్కమ్మ పక్కన ‘ఏలుముద్రకు ముందు ఏడ్చేది’ అని. రుక్కమ్మ ‘కొడుకు చెప్తే సరే, కోడలు చెప్తే కాదు’. అంజిలయ్యలే పదహారు మంది తేలారు. నిన్న సాయంత్రం అన్న కాగితం రాస్తూ పదిహేడో అంజిలయ్యను అన్నిటికన్నా కింద చేర్చాడు. గుర్తు కోసం ఆయన ఆలోచించలేదు, వేళ్లే రాసేశాయి. జాబితా మూయకుండానే ల్యాప్‌టాప్ మూత వేసి ఇంటికి పోయాడు.

ఇక సోమవారం. టేబుల్ తుడవడానికి డబ్బా అడ్డమొచ్చింది. తీగలన్నీ పీకి, డబ్బా కింద దుమ్ము కూడా తుడిచి, తీగలు మళ్లీ గుచ్చాడు. రెండు తెరలూ ఒకే కంపెనీవి. వాటి తీగలూ కవల పిల్లల్లా ఉంటాయి. ఏది ఎందులో గుచ్చినా పట్టింది కాబట్టి, సరిగ్గానే గుచ్చానని అనుకున్నాడు.

తొమ్మిదిన్నరకు ల్యాప్‌టాప్ తీగ పెట్టాడు. ఆయన తెర మీద, ఎప్పుడూ అన్నిటి వెనక ఉండే గుట్ట బొమ్మ ఒక్కటే వచ్చింది. నిన్న తెరిచి పెట్టినవేవీ లేవు. మౌసు కదిపితే బాణం కూడా కనబడలేదు. బయటి తెర మీద మాత్రం, బెంచీ వాళ్ల ముక్కు ముందర, జాబితా ఆఖరి పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో తెరుచుకుంది. అది ఆయనకు కనబడదు.

బెంచీ మీద కొండల్ ఉన్నాడు, సుక్కమ్మ ఉంది, ఇంకో ముగ్గురు ఉన్నారు. మొదట కొండలే చూశాడు. రుక్కమ్మ గుర్తు పైకి చదివి తొడ చరుచుకున్నాడు. శ్రీశైలానికి నవ్వులు వినబడ్డాయి గానీ, ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నారనుకుని హన్మంత్‌కు ఫోన్ చేశాడు. తీగ పీకి మళ్లీ పెట్టమన్నాడు హన్మంత్. పీకాడు. బయట అయ్యో అన్నారు. పెట్టాడు. హమ్మయ్య అన్నారు. తన తెర మీద మళ్లీ గుట్టే వచ్చింది.

బయట కొండల్ తన పేరు దాకా వచ్చి నవ్వు ఆపాడు. సుక్కమ్మ తన సంగతి చదవమని వాణ్ణి పట్టుకుంది.

“ఏలుముద్రకు ముందు ఏడ్చేది అని ఉన్నదక్కా.”

“నేనెప్పుడు ఏడ్చినరా?” అని సుక్కమ్మ కొంగు కళ్లకద్దుకుంది. దాంతో జాబితా నిజమేనని అందరికీ నమ్మకం కుదిరింది.

పదికి పది నిమిషాలుంది. శ్రీశైలం ఇంకోసారి మౌసు కదిపి చూశాడు. తెర చెడిపోయినా కంప్యూటరు పని చేస్తూనే ఉందిగదా, నిన్న ఆఖరున తెరిచింది అన్న కాగితమేగదా, కనీసం దాన్ని ప్రింటు తీద్దామనుకున్నాడు. ఎప్పుడూ నొక్కే రెండు మీటలు కళ్లు మూసుకుని నొక్కాడు. బెంచీ పక్కన ప్రింటరు గురగురమంటూ ఆరు కాగితాలు కక్కింది. ఇప్పటిదాకా ఆఖరి పేజీ ఒక్కటే చూసినవాళ్లకు ఇప్పుడు మొదటి నుంచీ దొరికింది. తీగ పీకితే తెర ఆరుతుంది గానీ కాగితం ఆరదు. ఆ ఆరూ చేతులు మారాయి. పక్క షాపు వాళ్లు కూడా తమ పేర్లున్నాయేమోనని వచ్చారు. పేరు లేనివాళ్లు కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే షేర్ ఆటో దిగి అంజిలయ్య వచ్చాడు. ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. చేతిలో తడి సంచి ఉంది, అందులో కొర్రమట్ట చేపలు కదులుతున్నాయి. వెనక బాలనర్సమ్మ ఉంది. గుంపును చూసి, తమ్ముడి షాపుకు ఇంత గిరాకీ ఉందా అని అంజిలయ్యకు ముచ్చటేసింది.

“ఏందిరా, అందరు పేర్లు సదువుకుంట నవ్వుతున్రు? నాది గూడ ఉన్నదా అండ్ల?” అని కొండల్‌ను అడిగాడు.

కొండల్ చేతిలో ఆఖరి కాగితముంది. కిందికి చూశాడు. చదవడానికి నోరు తెరిచి, మూసి, కాగితం మడవడం మొదలుపెట్టాడు. గుంపు ఒక్కసారిగా మెత్తబడింది. ఆ నిశ్శబ్దానికే శ్రీశైలం టేబుల్ చుట్టూ తిరిగి బయటికి వచ్చాడు. తన తెర మీద ఉండాల్సిన జాబితా బయటి తెర మీద వెలుగుతూ కనిపించింది. దాని అడుగున తాను రాసిన వరుస కనిపించింది. పరుగున పోయి తీగ పీకాడు. కానీ కాగితం అప్పటికే అన్న చేతిలోకి పోయింది.

అన్నకు చదవడం రాదు. కాగితాన్ని తమ్ముడి ముందు పట్టాడు. “రాసినోనివి నువ్వే గద తమ్మీ. నా పక్కకు ఏం రాసినవో నువ్వే సదువు.”

శ్రీశైలం ముందు రెండు దారులున్నాయి. మంచిదేదో ఆయనకు తెలుసు. రెండోది పట్టాడు.

“ఇంటికి పెద్ద అని రాసిన అన్నా.”

అంజిలయ్య ముఖం విచ్చుకుంది. గుంపు వైపు తిరిగి, విన్నారా అన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం శ్రీశైలం ఎన్నేళ్లయినా మరిచిపోలేడు. ఎందుకంటే ఆ వెనకే బాలనర్సమ్మ, “ఇటియ్యి, నేను గూడ సూస్త” అంది. ఆమె పెళ్లయిన చాలా ఏళ్లకు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

“స... దు... వు. మా... న్పి... చ్చి... నో... డు.”

సంచిలో చేప ఒకటి తపుక్కుమంది.

అంజిలయ్య బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. “అబద్దం రాయలే గదనే. మాన్పిచ్చింది నేనే గద.”

“ఇగ సాల్తియ్,” అంది బాలనర్సమ్మ. “ముప్పయేడేండ్లాయె, నోరు మూసుకోని ఉంటున్న.”

“ఊకోవే. గిప్పుడు చెప్తే ఏమొస్తది?”

“గిప్పుడు గాకుంటె ఎప్పుడు చెప్పాలె?” ఆమె మరిది వైపు తిరిగింది. “ఇగో శీశైలం, ఏడో తరగతి పరిచ్చ రాసొచ్చి నువ్వేమన్నవ్? ఫేలైతే చెరువుల దుంకుత అన్నవ్. పెద్దసారింటికి చాపలియ్య పోతే, రేపు పాసైనోళ్ల జాబితా పెడ్తున్నం, మీ తమ్ముడు పరిచ్చల పోయిండు అని సారు మీ అన్నకు చెప్పిండు. గందుకే తెల్లారకముందే నిన్ను వలల మీదికి తోలుకపోయిండు. బడి దిక్కు సూడనియ్యలే. మెల్లగ మల్ల రాపిద్దమనుకున్నం. నువ్వు అలిగి పుస్తకాలన్ని పొయ్యిల వెట్టినవ్.”

ముప్పై ఏడేళ్లుగా తనకు ఫస్ట్ క్లాసు వచ్చి ఉంటుందనే లెక్కమీదనే శ్రీశైలం ఈ లోకాన్ని తిట్టాడు. ప్రతి కాలేజీ బస్సునూ అదే లెక్కతో చూశాడు. ఆ ఉక్రోషం తీసేస్తే తన దగ్గర ఇంకేం మిగులుతుందో ఆయనకు వెంటనే తోచలేదు. నేనెందుకు ఒక్కసారైనా అడగలేదు అనుకున్నాడు. అడగడం సులువే. అడిగితే తిట్టుకోవడానికి మనిషి పోతాడు.

“ఎందుల పోయిన వదినే? లెక్కలల్లనా?”

బాలనర్సమ్మ గుంపును ఒకసారి చూసింది. అంతవరకూ చెప్పి, ఇది దాచడం ఎందుకనుకుంది.

“తెలుగుల.”

కొండల్ ఒక్కసారి దగ్గి, ఆ దగ్గును పొడిగించుకుంటూ రోడ్డు దాకా పోయాడు. సుక్కమ్మ మళ్లీ ఏడ్చింది.

అంజిలయ్య గోడ గడియారం చూశాడు. చదవడం రాకపోయినా గడియారం తెలుసు. “పదింబావైంది. స్లాటు పోతది. రాస్తవా, లేచి పోవాల్నా?”

“కూసో అన్నా,” అన్నాడు శ్రీశైలం.

టేబుల్ కింద వంగి, రెండు తీగలూ పీకి, అటుది ఇటు ఇటుది అటు గుచ్చాడు. గుట్ట బొమ్మ బయటికి పోయింది. జాబితా లోపలికి వచ్చింది. దాన్ని మూసి, అన్న కాగితం తెరిచాడు. నిన్న రాసినదానిలో బావి తమ్ముడి భాగంలో ఉంది, బావి దగ్గరికి నడిచే దారి మాత్రం అన్నకు. ఆ రెండు వాక్యాలూ తుడిచేసి కొత్తగా రాశాడు. తర్వాత కాగితాన్ని బయటి తెర మీదికి జరిపి, ఎప్పుడూ గిరాకీకి చెప్పినట్టే, తప్పులుంటే చెప్పమన్నాడు. అంజిలయ్య తెరను చూస్తూ కూర్చున్నాడు. బాలనర్సమ్మ వేలు పెట్టి చదివింది. చాలా సేపు పట్టింది. ఒక చోట వేలు ఆగింది.

“ఇదేంది, బాయి మా దిక్కు రాసినవ్?”

“తప్పు గాదు వదినే. గట్లనే ఉండాలె.”

అంజిలయ్య తమ్ముడి వైపు తిరగలేదు. తెర వైపే చూస్తూ అన్నాడు. “మల్లొకసారి సూసుకో తమ్మీ. తెలుగుల పోయినోనివి.”

బెంచీ మీద మొదట నవ్వింది సుక్కమ్మ. ఆఖరున, తల ఎత్తకుండా, శ్రీశైలం. ప్రింటు తీసిన కాగితం మీద అన్న వేలు పెట్టాడు. వలతాళ్లకు అరిగిపోయిన వేలు అది, ముద్ర సగమే పడింది. రెండోసారి తమ్ముడే ఆ వేలు పట్టుకుని గట్టిగా అద్దాడు. పదకొండుకు ముగ్గురూ రోడ్డు దాటి రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కారు. చేపల సంచి డాకింగ్ స్టేషన్ పక్కన టేబుల్ మీద నీళ్లు కారుస్తూ ఉండిపోయింది. పొద్దున తుడిచిన శ్రమ అంతా అట్లా పోయింది.

మధ్యాహ్నం తిరిగొచ్చాక శ్రీశైలం జాబితా తెరిచి, పదిహేడో అంజిలయ్య పక్కన ఉన్నది తుడిచేశాడు. అక్కడ ఏం రాయాలో సాయంత్రం దాకా తోచలేదు. గడి ఖాళీగానే ఉంచాడు.

ఆ సాయంత్రానికి చాలామంది ఫోన్లలో ఆయన నంబరు ‘తెలుగు ఫేల్ శ్రీశైలం’గా మారిపోయింది. మండలంలో శ్రీశైలాలు కూడా తక్కువేమీ లేరు మరి.