వంటింటి కిటికీలో చదువుకున్న చిప్

ఈ దేశంలో పరిశోధన ఎవరైనా మొదలుపెట్టవచ్చు. అది పూర్తయిందని ప్రకటించే అధికారం మాత్రం ప్రగతి సమీక్షా సంఘానిదే. ఆ అధికారాన్ని సంఘం ఏనాడూ దుర్వినియోగం చేయలేదు. (అసలు వినియోగిస్తేగా.)

ఫిల్మ్ నగర్ మంజులత కూతురు సాయిసుధ ఇంజనీరింగులో మెదడులా నేర్చుకునే చిప్ తయారుచేసింది. పసిపిల్లలాగా, పదే పదే విన్నది పట్టేసి బుల్లి స్పీకరులోంచి బదులు చెబుతుంది. ఇంటి మాటలు వింటుందని దాన్ని వంటింటి కిటికీలో పెట్టింది. ఆ పరిశోధనను రెండుసార్లు తిప్పి పంపిన సంఘం ఈసారీ ఒప్పుకోకపోతే, చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

కిటికీ అవతల షూటింగులకిచ్చే బంగళా ఉంది. ఆర్నెల్లుగా అక్కడ హీరో డైలాగు ముగించడం, డైరెక్టరు ఇంకో టేకు కోసం మైకులో "వన్ మోర్!" అనడం.

సమీక్ష రోజు పొద్దున మంజులత చిప్‌ను పలకరించింది. "అన్నం తిన్నవా బిడ్డా?"

"వన్ మోర్," అంది చిప్.

మంజులత కళ్ళు చెమర్చాయి. ఆ వంటింట్లో మారు వడ్డించమన్న మొదటి ప్రాణి అదే.

సాయిసుధ తల పట్టుకుంది. "ఏమడిగినా గిదే అంటుందమ్మా! నా పని ఖతం."

"ఫికర్ జెయ్యకే. మీ నాయిన గిన్నేండ్ల సంది 'ఊఁ' ఒక్కటే అంటుండు. ప్రమోషన్ రాలే?"

సంఘం ఆఫీసుకు తోడు వెళ్ళిన మంజులత తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. అధ్యక్షులు వీరరాఘవయ్య గారు పరిశోధన విలువల మీద ఉపన్యసించి ఆగారు.

"వన్ మోర్," అంది చిప్.

ఆయన సర్వీసులో అలా అడిగినవారు లేరు. మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. మూడో విడతలో ఒక సభ్యుడు మంచినీళ్ళకని వెళ్ళి తిరిగి రాలేదు.

ముగ్గురు లేనిదే తీర్మానం చెల్లదు. అయితే సభ్యుడు మనిషే అయివుండాలని నియమావళిలో లేదు. చివరిదాకా కూర్చుని, అభిప్రాయం చెప్పగలిగితే చాలు. (ఆ రెండూ చేయగల మనుషులు దొరకడం కష్టమే.) చిప్‌ను అక్కడికక్కడే సభ్యత్వంలోకి తీసుకున్నారు.

"పాపం, పాస్ చేసేద్దామండీ," అన్నారు మిగిలిన సభ్యురాలు జెరూష మేడం.

"ఇంకోసారి రమ్మందాం," అన్నారు అధ్యక్షులు. ఇద్దరూ చిప్ వైపు తిరిగారు. "మరి తమరేమంటారు?"

సాయిసుధ కళ్ళు మూసుకుంది.

"వన్ మోర్."

"మూడు పూటలా నా వంటింట్ల ఉండి, నా బిడ్డ మీదనే ఓటేసినవా!" అని మంజులత లోపలికి వచ్చేసింది. అప్పటికే తిప్పి పంపే తీర్మానం నెగ్గింది. ఇంత త్వరగా పని నేర్చుకున్న సభ్యుణ్ణి చూడలేదని అధ్యక్షులు జీతంతో సహా శాశ్వత నియామకం రాసిచ్చారు.

అలా ఆ ఇంటికి రావలసిన ఉద్యోగం ఆ ఇంటికే వచ్చింది. చిప్ సోమవారం చేరింది.