మఫిన్ తోక కింద ముక్కు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో శ్రీవిద్య పని చేస్తోంది. ఆ రోజు ఆమెకు రెండే పనులు. పది గంటలకు ఆమె తయారుచేసిన కుక్క బొమ్మను యజమాని పద్మనాభం గారు క్లయింటుకు చూపిస్తారు. అది నచ్చితే, మధ్యాహ్నం శ్రీవిద్య వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ మీద సంతకం పెడతారు. క్లయింటు డోరతి కుక్కల బిస్కట్ల వ్యాపారం చేస్తుంది. ప్రకటనలో తన సొంత కుక్క మఫిన్ కంప్యూటర్లో గెంతాలని ఆవిడ కోరిక.

ఆ పనికి ముందు కంప్యూటర్లోనే బంకమట్టి ముద్దలాంటి కుక్కను చెక్కాలి. తర్వాత అసలు మఫిన్ ఫోటోను దాని మీద పలచటి గుడ్డలా పరిచి బ్రష్‌తో రుద్దితే, ఫోటోలోని రంగులు ఆ గుండ్రటి ఒంటికి అంటుకుంటాయి. మనకు ఎదురుగా ఉన్న వైపు మాత్రమే రంగు అంటాలంటే ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెట్టకపోతే రంగు ఒంటిలోంచి దూసుకుపోయి అవతలి వైపూ అంటుకుంటుంది.

తొమ్మిదింటికి శ్రీవిద్య కాఫీ కప్పు పట్టుకుని, ఊరికే ఒకసారి బొమ్మను వెనక్కి తిప్పింది. తోక కింద రెండు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. వాటి కింద నల్లటి ముక్కు, ముక్కు కింద నవ్వుతున్న నోరు.

ఆమెకు అర్థమైంది. టిక్కు పెట్టడం మరిచిపోయింది. పైగా పద్మనాభం గారు నిన్న సాయంత్రమే ఈ ఫైలును తన లాప్‌టాప్‌లో వేసుకుని వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గబగబా మెసేజ్ కొట్టింది: "కుక్క వెనక ప్రాబ్లం ఉంది సర్. తోక కింద చూడండి. చాలా భయంగా ఉంది. మీటింగ్ ఆపండి."

ఆయన డ్రైవింగ్‌లో ఉన్నారు. కారు ఆ మెసేజ్‌ను పైకి చదివి వినిపించింది. పావుగంట తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"ఎంత మంచి పని చేశావమ్మా! వెంటనే డోరతికి చెప్పాను. పాపం, మఫిన్‌ని ఎత్తుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తింది. మీటింగ్ క్యాన్సిల్."

శ్రీవిద్య అడ్డుపడింది. "సర్, నేను చెప్పింది అసలు కుక్క గురించి కాదు..."

"మరి డూప్లికేట్ కుక్కా? కంగారు పడకు. ఆవిడే కాల్ చేస్తోంది, ఉండు." ఫోన్ కట్టయింది.

ఇక మిగిలిన దిక్కు భర్త రాకేష్. అతను డేటా సెంటర్‌లో ఉద్యోగి, ప్రతి ఉపద్రవానికీ ముందే సిద్ధంగా ఉండే మనిషి.

"అంటే బంగారంలా ఉన్న కుక్కని నీ మెసేజ్ హాస్పిటల్ పాలు చేసిందా?" అన్నాడు ఫోన్లో అంతా విని.

"అవునండీ. ఆవిడకి తెలిస్తే కాంట్రాక్ట్ పోతుంది. సర్ నన్ను ఉంచుతారా?"

"జాబ్ పోతే సిక్స్‌టీ డేస్‌లో దేశం వదలాలి. ముందు సోఫా అమ్మేద్దాం. ఫోటో తీసి పంపనా?"

ఆ ఓదార్పుతో ఆమెకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అయినా కూర్చుని టిక్కు పెట్టింది, వెనక ముఖం చెరిపింది, వేరే ఫోటోలోంచి బొచ్చు తెచ్చి అతికించింది. కానీ పాత ఫైలు తీసెయ్యలేదు. ఎలాగూ నిజం చెప్పాలి, సాక్ష్యం ఉండాలి కదా అనుకుంది.

పన్నెండింటికి తలుపు తెరుచుకుంది. పద్మనాభం గారి వెనకే డోరతి వచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చేతుల్లో మఫిన్, దాని మెడ చుట్టూ, వెనక నాక్కోకుండా వేసిన ప్లాస్టిక్ గరాటు. శ్రీవిద్య కుర్చీలోంచి లేచింది. డోరతి వడివడిగా వచ్చి ఆమెను కావలించుకుని ఏడ్చేసింది.

"తోక కింద చిన్న గడ్డ ఉందట. ఇంకో రెండు నెలలైతే చేయిదాటేదని డాక్టర్ అన్నాడు. అంత బొచ్చులో, ఉత్త ఫోటోల్లో మీకెలా కనిపించింది?"

"నాకేమీ కనిపించలేదు మేడమ్," అంది శ్రీవిద్య. "తప్పు నాదే. పొరపాటున దాని ముఖాన్ని వెనక కూడా వేసేశాను. కావాలంటే చూడండి." పాత ఫైలు తెరిచి బొమ్మను తిప్పింది.

రెండో ముఖం అందరినీ చూసి నవ్వుతోంది. పద్మనాభం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. శ్రీవిద్య మనసులో సోఫా అమ్ముడుపోయింది.

డోరతి స్క్రీన్ దగ్గరికి వంగి, ఆ నల్లటి ముక్కు మీద వేలు పెట్టింది.

"సరిగ్గా ఇక్కడే! డాక్టర్ చూపించిందీ ఇక్కడే. నాకు అర్థమయ్యేలా గుర్తు కూడా పెట్టారా!"

"కాదు మేడమ్, అది టిక్కు మరిచిపోయి..."

"ఎంత వినయం!" అంది డోరతి పద్మనాభం గారితో. "ఇంకో మూడు ప్రకటనలు మీకే. కానీ ఈవిడే చెయ్యాలి."

ఆవిడ వెళ్ళాక పద్మనాభం గారు లెటర్ మీద సంతకం పెట్టి చేతికిచ్చారు. "ఆ టిక్కు సంగతి ఇకమీదట ఎవరికీ చెప్పకు. నువ్వు చెప్పినా ఎవరూ నమ్మరనుకో."

మర్నాడు పొద్దున్నే డోరతి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అందులో వాళ్ళాయన వీపు ఫోటోలు పద్నాలుగు ఉన్నాయి. చూసి చెప్పడానికి తొందరేమీ లేదట.