తెల్లచీర కోటబొమ్మాళి ప్రయాణం

ఆ రోజుకి కెజియా వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పొద్దున్నే పెళ్లిచీర మడత విప్పి ఒకసారి చూసుకోవడం, పళ్లేలు సర్దడం, భోజనాలవగానే ట్రెక్కరు జీపెక్కి కోటబొమ్మాళి వెళ్లడం, అక్కడ పెళ్లికూతురి ఇంట్లో బట్టల ప్రార్థనకు కూర్చోవడం, ప్రార్థన కాగానే అందరి ముందూ కాబోయే కోడలి చేత ఉద్యోగం మాన్పించడం. ఇందులో చివరిది తప్ప మిగతావన్నీ ఆమె భర్త జెకర్యాకు తెలుసు.

వాళ్ల సంఘంలో పెళ్లికి ముందు మగపెళ్లివారు తెల్లచీర పట్టుకెళ్లి ఆడపెళ్లివారింట్లో పెట్టాలి. పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆ తరవాత చీర ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. అసలు పరీక్ష అదే. పెళ్లికూతురు సుహాసిని కోటబొమ్మాళిలోనే ఒక బడిలో టీచరు. పెళ్లయ్యాక అత్తగారి ఊరు పలాస నుంచి పాసింజరు బండిలో వెళ్లొస్తానని నిశ్చితార్థం నాడే చెప్పింది. కోడలు క్యారేజీ పట్టుకుని స్టేషనుకి వెళ్తే, ఆ క్యారేజీ కట్టేది ఎవరో కెజియా అప్పుడే ఊహించుకుంది. మాట పెరగబోతుంటే పాస్టరు జయకర్‌గారు, "బట్టల ప్రార్థననాడు నిదానంగా మాట్లాడుకుందురు" అని అందరికీ టీలు ఇప్పించారు.

సుహాసినిని పెంచిన మేనత్త దయామణి మాత్రం టీ తాగుతూనే ఒక మాట అంది. "మా గుంట ఉద్యోగం సంగతి తరవాత. ముందు మీరు తెచ్చిన సీర సూత్తాను. మిల్లు బట్టయితే గుమ్మంలోంచే తిప్పి పంపుతాను." ఆమె నర్సుగా రిటైరైన మనిషి. చీరని కూడా రోగిని తిప్పినట్టు బోర్లా తిప్పి చూస్తుందని ప్రతీతి.

అందుకే కెజియా పొందూరు వైపు ఒక మగ్గం మీద సన్ననూలు చీర, వెండిజరీ అంచుతో ప్రత్యేకంగా నేయించింది. ముందురోజు ఫోను చేసి మరీ దయామణికి చెప్పింది: "మల్లెపువ్వేనండీ వదినగారూ. ఎతికినా ఓ నలక దొరకదు." అలాంటి చీర బల్ల మీద పెట్టాక దయామణికి ఇక నోరు లేవదు. అప్పుడు తను నోరు విప్పుతుంది. ఇదీ ఎత్తు.

కెజియా మంచం మీద చీర పరిచి మురిసిపోతుండగా పక్కింటి సుభద్ర వచ్చింది. ఉద్దానంలో వాళ్లకి జీడితోటలున్నాయి. అది మే నెల కావడంతో చంకలో ఒక బుట్టెడు జీడిపళ్లు, చేతిలో సగం కొరికిన పండు ఒకటి ఉన్నాయి.

"ఓలమ్మ, ఇది సీరేటి వదినా! ఎన్నెల మడతెట్టినట్టుంది."

"ముట్టుకోకు సుభద్రొదినా, సేతులు కడుక్కో."

"ముట్టుకోనులే, సూత్తాను" అంటూ సుభద్ర వంగి, చూసిన ఆనందంలో పండు ఇంకోసారి కొరికింది. జీడిపండుకి మర్యాద తెలియదు. ఎటు కొరికితే అటు చిమ్ముతుంది.

రసం చీర మీద పడిన చోటికి ఇద్దరూ వంగి చూశారు.

"నీళ్లే కదా" అంది సుభద్ర.

"నీళ్లలాగే ఉంది" అంది కెజియా.

పలాసలో పుట్టి పెరిగిన ఆడవాళ్లకి జీడిపండు రసం సంగతి తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుసు. పడినప్పుడు నీరులా ఉండి, ఆరాక మరకై తేలి, బట్ట చిరిగేదాకా వదలదని బాగా తెలుసు. కానీ పెళ్లి ఎల్లుండి పెట్టుకుని, తెలిసినవన్నీ ఒప్పుకోవడం కుదరదు. తడి ఆరిపోతే గొడవ ఉండదనుకుని కెజియా ఇస్త్రీపెట్టె తెచ్చి ఆ తడి మీద రుద్దింది. వేడి తగలడమే ఆలస్యం, అరచెయ్యంత మేర గోధుమరంగు మరక, కొంగుకి ఒక జానెడు ఇవతల, తీరిగ్గా పైకి వచ్చింది.

నిమ్మకాయ రుద్దారు. మరక ఇంకాస్త తేలింది. ఉప్పు రుద్దారు. చుట్టూ ఒక అంచు వచ్చింది. సుభద్ర టూత్‌పేస్టు తెచ్చింది. దాంతో అంచుకి కూడా ఇంకో అంచు వచ్చింది. నేతగాడు వేసిన అంచుకంటే ఇదే స్పష్టంగా ఉంది.

హెడ్మాస్టరుగా రిటైరైన జెకర్యా గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏటి సేత్తన్నారు? పిప్పర్మెంటు వాసనొస్తంది."

"ఏటీ లేదు. మీరు పేపరు సదువుకోండి."

"సదివేశాను."

"మళ్లీ సదవండి."

ఆయన వెళ్లాక కెజియా మంచం పట్టీ మీద కూలబడింది. "అయిపోనాది సుభద్రొదినా. ఆవిడ ఈ మరక అందరికీ సూపించి, 'సీర సూసుకోడం రానమ్మ మా గుంట ఉద్యోగం మాన్పిత్తాదట' అంటాది. నేనింక ఆ ఇంట్లో తలెత్తుకోనూలేను, మాటాడనూలేను."

సుభద్రకి తన వల్ల వచ్చిన ఆపద అని బెంగ ఉంది. బెంగపడ్డ మనిషికి వచ్చే ఆలోచనలు ప్రమాదకరంగా ఉంటాయి. "వదినా, తెలుపు మీద గోధుమరంగయితే మరక. సీరంతా గోధుమరంగయితే?"

"అయితే?"

"అది రంగే కదేటి!"

మామూలు రోజైతే కెజియా ఆమెను ఇంటికి పంపేసి ఉండేది. ఆ రోజు మాత్రం లేచి పెద్ద బకెట్టు తెచ్చింది. బుట్టెడు పళ్లూ పిండారు. గుడ్డలో వడకట్టారు. నీళ్లు కలిపి, గుండె చిక్కబట్టుకుని, చీరని ముంచారు. డాబా మీద ఎండలో వేశారు. ఆరాక చూస్తే ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. చీరంతా ఒకటే మీగడరంగు. పాత మరక మాత్రం వెతికితే తెలుస్తుంది, అది కూడా ఎక్కడుందో తెలిసినవాళ్లకే.

"మీగడంటే తెలుపులో ఒక రకమే" అని తేల్చింది కెజియా. సుభద్ర ఇస్త్రీ చేసింది. మరక లోపలికి పోయేలా మడతలు పెట్టి, అట్టపెట్టెలో ఉంచి, మీద పూలు పెట్టారు. పెళ్లికొడుకు ప్రదీప్ కుమార్ డ్యూటీలో ఉన్నాడు కాబట్టి అతనికి ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ట్రెక్కరు పలాస దాటి హైవే ఎక్కింది. పెట్టె కెజియా ఒళ్లో ఉంది, పక్కన సుభద్ర. ఎండ మొహం మీద కొడుతోంది. మనసాగక మూత కొంచెం ఎత్తి చూసి, గబుక్కున మూసేసింది.

"సుభద్రొదినా," అంది గొంతు తగ్గించి, "మీగడ కాదు. బిస్కెట్టు."

సుభద్ర తొంగిచూసింది. "నీడలో అలగ కనపడతాది."

ఇంకాస్త దూరం పోయాక మళ్లీ ఎత్తారు. ఈసారి ఇద్దరూ ఒకేసారి మూశారు.

"టీ" అంది కెజియా.

"పాలెక్కువేసిన టీ" అని ధైర్యం చెప్పింది సుభద్ర.

జీడిరసం తన పని ఇంకా పూర్తి చేయలేదని ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. ఎండ తగిలిన కొద్దీ, గాలి ఆడిన కొద్దీ చీర ముదురుతోంది. మూత తీసి చూస్తే గాలి తగులుతుంది, చూడకపోతే ప్రాణం ఆగడం లేదు.

"బండి ఎనక్కి తిప్పమనండి" అంది కెజియా.

ముందు సీట్లోంచి జెకర్యా వెనక్కి తిరిగాడు. "ఎందుకు?"

"ఒకటి మరిసిపోయాను."

"ఏటి మరిసిపోయావు?"

కెజియా బండంతా కలయజూసింది. పళ్లేలున్నాయి, పూలున్నాయి, బైబిలుంది, స్వీట్లున్నాయి. "ఏం లేదు, పోనివ్వండి" అంది.

టెక్కలిలో సోడా తాగుతానని దిగి, సుభద్రని లాక్కుని రోడ్డు పక్క బట్టల కొట్లోకి జొరబడింది. కొట్టతను తెల్లచీరలు పరిచాడు. కెజియా ఒకటి తీసి బోర్లా తిప్పింది. రెండో వైపు కూడా అద్దంలా నున్నగా ఉంది. చేతిమగ్గం మీద బట్టని బిగువుగా నిలిపే కర్రకి ముళ్లుంటాయి. ఆ ముళ్లు చీర అంచుల వెంబడి సన్నని చుక్కలంత కంతలు వదుల్తాయి. దయామణి ముందు వెతికేది వాటినే. ఈ చీరకి ఒక్క కంతా లేదు.

"సూదుంటే మనవే పొడుసుకోవచ్చు" అంది సుభద్ర.

"నువ్వింక ఆలోసించకు వదినా, నీకు దండవెడతాను" అంది కెజియా. బయట ట్రెక్కరు హారన్ కొడుతోంది.

కోటబొమ్మాళిలో పెళ్లికూతురి వాకిట్లో షామియానా, కుర్చీలు, సంఘమంతా సిద్ధంగా ఉన్నారు. "వందనాలండీ, వందనాలు" అంటూ పెట్టె అందుకోబోయిన ప్రతి చేతినీ తప్పించుకుని కెజియా దానితోనే షామియానా కిందికి నడిచింది. చివరికి బల్ల మీద పెట్టక తప్పలేదు.

జయకర్‌గారు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ప్రార్థన పొడుగని ఆ చుట్టుపక్కల పేరు. దేశాన్ని, రైతుల్ని, వర్షాల్ని, రైల్వేవారిని, అనారోగ్యంతో ఉన్నవారిని పేరుపేరునా దేవుడికి అప్పగించారు. అందరి కళ్లూ మూసుకుని ఉన్నాయి. కెజియా కళ్లు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి. ఆయన ఇంకెవరినీ మరిచిపోకుండా ఉంటే బాగుండునని ఆమె జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా కోరుకుంది. అంతలోనే ఆమేన్ వచ్చేసింది.

దయామణి కళ్లజోడు తుడుచుకుని పెట్టె విప్పింది. షామియానా కింద అందరూ మెడలు సాచారు.

చీర పాలు తక్కువేసిన టీ రంగులో ఉంది.

"ఇదేటి వదినగారూ?" అంది దయామణి. "ఫోనులో మల్లెపువ్వన్నారు?"

కెజియా పెట్టె మూత తీసుకుని బల్ల మీద సర్దింది.

దయామణి చీరని బోర్లా తిప్పింది. అంచు వేళ్ల మధ్య జరుపుతూ కంతలు చూసుకుంది. "మగ్గం సీరే. అందులో మోసం లేదు. మరి రంగేటి? పాతదా? ఎవరైనా కట్టి ఇడిసిందా?"

"అయ్యో, అలాంటిదేం లేదండీ" అన్నాడు జెకర్యా. చీర రంగు ఆయన కూడా అప్పుడే చూస్తున్నాడు.

"నాను మిమ్మల్ని అడగలేదు అన్నయ్యగారూ. ఆవిడ సెప్పాల." దయామణి మొదటి మడత విప్పింది. రెండోది విప్పబోయింది. మరక ఉన్నది మూడో మడతలో.

అప్పుడు సుహాసిని లోపల్నుంచి వచ్చింది. పెళ్లికూతురు చీరని రెండు చేతులా అందుకోవడం ఆనవాయితీ కాబట్టి మేనత్త వదలక తప్పలేదు. ఆమె చీర తీసుకుని మొహం దాకా ఎత్తింది. ఎత్తి, అలాగే ఆగింది. ఉద్దానం అమ్మమ్మ ఊళ్లో ఎండాకాలం సెలవులన్నీ గడిపిన పిల్ల. ఒక్కో వేసవికీ ఒక్కో గౌను జీడిపళ్లకి బలి ఇచ్చి వీపు మీద దెబ్బలు తిన్న పిల్ల. ఆ వాసన ఆమెకి ఎవరూ పరిచయం చేయనవసరం లేదు.

మెల్లగా వేళ్లతో మడతలు తడిమి మూడో మడత తెరిచింది. చూసింది. దాని మీద అరచెయ్యి ఆనించి, తలెత్తి కెజియా వైపు చూసింది. పరీక్షలో చీటీ పట్టుకున్న టీచరు అచ్చం అలాగే చూస్తుంది.

"అత్తా," అంది దయామణితో, "ఈ రంగు నేనే అడిగినాను. ఇది ఎర్రపత్తి నూలు. రంగు వెయ్యరు, పత్తే ఇలగుంటాది."

"నాతో సెప్పలేదేటే?"

"నువ్వు వద్దంటావని. అందికే అత్తయ్యగారిని ఎవరికీ సెప్పొద్దన్నాను. 'నీ ఇట్టమే నా ఇట్టం అమ్మా' అన్నారు. అవునా అత్తయ్యగారూ?"

కెజియాకి ఊపిరి ఆడింది. "అన్నాను" అంది.

దయామణి వేళ్లతో నూలు నలిపి చూసింది. "ఎర్రపత్తేటి! నాను సిన్నప్పుడెప్పుడో సూసినాను" అని గొణిగింది. తెలియదని చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా తల ఊపారు. సుభద్ర అందరికంటే గట్టిగా ఊపింది.

సుహాసిని మాత్రం చెయ్యి తీయలేదు.

"ఉద్యోగం సంగతి కూడా అత్తయ్యగారు అలగే అన్నారు" అంది నెమ్మదిగా. "పెళ్లయ్యాక కూడా బడికి ఎల్లమన్నారు. పాసింజరు బండికి అందేలాగ క్యారేజీ తనే కడతానన్నారు. అవునా అత్తయ్యగారూ?"

వాకిలంతా కెజియా వైపు తిరిగింది. ఇంటి దగ్గర్నుంచి కూడబెట్టుకుని వచ్చిన మాటలన్నీ ఆమె గొంతు దాకా వచ్చాయి. సుహాసిని చిటికెనవేలు చీర మీద నుంచి లేచింది. ఉంగరపు వేలు లేచింది. దాని కింద గోధుమరంగు అంచొకటి, దాని పక్కన ఇంకో అంచు కనిపించాయి.

"అన్నాను!" అంది కెజియా. అవసరమైన దానికంటే గట్టిగానే అంది.

వేళ్లు మళ్లీ వాలాయి. సుహాసిని చీరని మడత చెదరకుండా గుండెకి హత్తుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది.

"స్తోత్రం!" అన్నారు జయకర్‌గారు. ఇంత సుళువుగా తీరిన తగువు ఆయన సేవలో అంతకుముందు లేదు. ఆ సంతోషంలో ఇంకో ప్రార్థన కూడా చేశారు. దయామణి వచ్చి కెజియా రెండు చేతులూ పట్టుకుంది. "మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను వదినగారూ. మనసంటే మీదేనండీ."

తిరుగు ప్రయాణంలో జెకర్యా మాటిమాటికీ వెనక్కి తిరిగి భార్యని చూశాడు. "కెజియా, క్యారేజీ కూడానా! ఇన్నేళ్లయినా నిన్ను నేను సరిగ్గా తెలుసుకోలేదు సుమీ" అన్నాడు. కెజియా కిటికీలోంచి బయటికి చూసింది. సుభద్ర నిద్ర నటించింది.

పెళ్లినాటికి ఆ చీర బెల్లంరంగుకి వచ్చింది, తరవాత కూడా ఏడాదికేడాది ముదురుతూనే ఉంది. కెజియా మాట మాత్రం ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాల్సి వచ్చింది.